గడియారంతో ఆడే చదరంగం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆన్‌లైన్ చదరంగం గురించే ఉన్నాయి. వాటిలో నాలుగింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. మొదటి ఉత్తరంతో పాటు ఆటలు కూడా వచ్చాయి కనుక ఆ జవాబుకు ఎక్కువ చోటు తీసుకున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. మూడేళ్లుగా లీచెస్ అనే వెబ్‌సైటులో మూడు నిమిషాల ఆటలు ఆడుతున్నాడు. అక్కడ బ్లిట్జ్ (మెరుపు ఆట) రేటింగు 2100 దాటింది. వేసవిలో కర్నూలులో ఒక పోటీకి తీసుకెళ్తే, ఆరు రౌండ్లలో ఒకటి గెలిచి, ఒకటి డ్రా చేసుకుని, నాలుగు ఓడాడు. అక్కడ ఒక్కొక్కరికి గంటన్నర సమయం, ఎత్తుకు 30 సెకన్ల అదనం ఇచ్చారు. వాళ్ల నాన్న ఆ ఫోన్ ఆటంతా ఉత్తదే అంటున్నారు. వాడు ఈమధ్య ఆడిన అరవై ఆటలు మీకు పంపుతున్నాను. నిజంగా వాడికి ఆట వచ్చా, రాదా?
– ఒక తల్లి, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మా, మీ అబ్బాయికి ఆట వచ్చు. ఈ మాట ముందుగా వాళ్ల నాన్నగారికి చెప్పండి. మీరు పంపిన అరవై ఆటలనూ నాలుగు సాయంత్రాలు బల్ల మీద పావులు పేర్చుకుని ఒక్కొక్కటిగా ఆడి చూశాను. కంప్యూటరు ఏమంటుందో ఆ తరవాతే చూశాను. కడపలో పిల్లలకు చాలా ఏళ్లుగా ఆట నేర్పుతున్న నాకు, పదిహేడేళ్ల వయసులో పావులను ఇంత చురుకుగా నడిపే పిల్లలు తరచుగా కనిపించరు.

ముందు ఆ 2100 అనే అంకె సంగతి చూద్దాం. లీచెస్‌లో ఖాతా తెరిచిన ప్రతి ఒక్కరికీ లెక్క 1500తో మొదలవుతుంది. మార్క్ గ్లిక్‌మన్ అనే అమెరికా గణాంక శాస్త్రవేత్త రూపొందించిన గ్లికో-2 పద్ధతి ప్రకారం, రేటింగుతో పాటు దానిని ఎంతవరకు నమ్మవచ్చో చెప్పే మరో అంకె కూడా లోపల నడుస్తుంటుంది. కొత్తవారి రేటింగు పక్కన కనిపించే ప్రశ్నార్థకం దాని గుర్తే. ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే వాడేది అర్పాద్ ఎలో పేరు మీద వచ్చిన పద్ధతి. రెండింటిలోనూ రేటింగు అనేది ఒక పోలికే: ఇద్దరి మధ్య 100 పాయింట్ల తేడా ఉంటే పైనున్నవారికి నూరు ఆటల్లో 64 పాయింట్లు, 200 తేడా ఉంటే 76, 400 తేడా ఉంటే 91 వస్తాయని అంచనా. అయితే ఈ పోలిక ఒకే గుంపులో, ఒకే రకం ఆటలో మాత్రమే చెల్లుతుంది. ఒక అంగట్లో పడితో కొలిచిన వేరుశనగలను మరో అంగట్లో తక్కెడలో తూచి లెక్క తప్పిందనడం ఎంత అన్యాయమో, లీచెస్ బ్లిట్జ్ అంకెను పట్టుకుని కర్నూలు ఫలితాన్ని తప్పుపట్టడం అంతే అన్యాయం. లీచెస్ లెక్కలోనే, మొదట ఇచ్చిన సమయానికి ఎత్తుకు కలిసే సెకన్లను నలభై రెట్లు చేసి కలిపితే, మూడు నిమిషాల నుంచి ఎనిమిది నిమిషాల లోపు వచ్చేది బ్లిట్జ్, ఆపైన 25 నిమిషాల లోపు వచ్చేది ర్యాపిడ్, అంతకు మించితే క్లాసికల్. కర్నూలు ఆటను ఆ లెక్కన చూస్తే 110 నిమిషాలు వస్తుంది. అంటే మీ అబ్బాయి తనకు అలవాటైన ఆటకు ముప్పై ఆరు రెట్లకు పైగా పొడవున్న ఆట ఆడాడు.

ఇక అతని తీరు. తెల్ల పావులతో ఆడిన ప్రతి ఆటలోనూ లండన్ పద్ధతే: మంత్రి ముందరి బంటును రెండు గళ్లు నడిపి, శకటును ఎఫ్4 గడికి (నిలువు వరస అక్షరం, అడ్డ వరస అంకె కలిపితే గడి పేరు) తెచ్చి, తరవాత ఈ3, సీ3, గుర్రం ఎఫ్3. మొదటి ఎనిమిది ఎత్తులు సాధారణంగా పది సెకన్లలో ముగిస్తాడు. మూడు నిమిషాల ఆటలో ఇది నిజమైన లాభం, ఎందుకంటే ఎదుటివారు అప్పటికి అర నిమిషం ఖర్చు పెట్టి ఉంటారు. కానీ నల్ల బంటు త్వరగా సీ5కు వచ్చి, వెనకే నల్ల మంత్రి బి6లో నిలబడి బి2 బంటును బెదిరించినప్పుడల్లా మీ అబ్బాయి తడబడ్డాడు. అక్కడ అలవాటుతో వేసే ఎత్తు లేదు, ఆలోచించాలి.

మధ్య ఆటలో అతని బలం గుర్రాలు. ఒకే ఎత్తుతో రాజునూ ఏనుగునూ కలిపి పట్టే గడిని నాలుగు ఎత్తుల ముందే చూస్తున్నాడు. ఒక ఆటలో మంత్రిని ఇచ్చి, రెండు షాల (రాజు మీద నేరుగా చేసే దాడుల) తరవాత గుర్రంతో దాన్ని తిరిగి తెచ్చుకుని, చివరికి ఒక శకటు ఎక్కువగా మిగుల్చుకున్నాడు. ఆ మొత్తం వరసకు అతను తీసుకున్న సమయం ఏడు సెకన్లు. ఆ ఆటను నేను మా విద్యార్థులకు చూపించాను. పావులు చిక్కుపడి ఉన్నంతసేపూ అతను సుఖంగా ఉంటాడు. మంత్రులు త్వరగా మారిపోయి బల్ల ఖాళీ అయితే మాత్రం ఏం చేయాలో తోచక ఒకే గడిలోకి ఏనుగును ముందుకూ వెనక్కూ తిప్పుతాడు.

అరవై ఆటల్లో అతను గెలిచినవి ముప్పై నాలుగు. వాటిలో పదమూడు సమయం మీద గెలిచినవే, అంటే ఎదుటివారి సమయం అయిపోయి ఫ్లాగ్ పడినవి. ఆ పదమూడులో ఎనిమిదింటిలో బల్ల మీద మీ అబ్బాయి ఓడిపోయి ఉన్నాడు. ఇది తప్పు కాదు. గడియారం ఆటలో భాగమైనప్పుడు దాన్ని వాడుకోవడం కూడా నేర్పే. ఓడిన స్థితిలో ఊరికే షాలు ఇస్తూ ఒక్కో షాకు ఎదుటివారి చేత రెండు సెకన్లు ఖర్చు పెట్టించడం, తనకు నాలుగు సెకన్లు మిగిలినప్పుడు రాజును ప్రీమూవ్‌తో, అంటే ఎదుటివారు ఆడకముందే పెట్టి ఉంచే ఎత్తుతో, అటూ ఇటూ నడిపించడం అతను బాగా నేర్చుకున్నాడు. లీచెస్‌లో ముందుగా పెట్టిన ఎత్తుకు సమయం ఖర్చు కాదు కనుక అది అక్కడ గట్టి ఆయుధం. కర్నూలు హాలులో ప్రతి ఎత్తుకూ 30 సెకన్లు తిరిగి వస్తుంటే ఎదుటివారి ఫ్లాగ్ ఎందుకు పడుతుంది? ఆ ఎనిమిది ఆటల్లాంటివన్నీ అక్కడ ఓటములే అవుతాయి. మీరు పంపిన కాగితాల్లో కర్నూలు ఆటలు రెండు ఉన్నాయి. రెండూ ముగింపు ఆటలోనే పోయాయి.

అందులో రెండోది నన్ను బాధించింది, ఎందుకంటే అది డ్రా కావలసిన ఆట. ఇద్దరికీ ఒక్కో ఏనుగు, ఎదుటివారికి ఒక బంటు ఎక్కువ, మీ అబ్బాయి రాజు ఆ బంటు దారిలోనే నిలబడి ఉన్నాడు. దీనికి ఫిలిదోర్ స్థితి అని పేరు. పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి ఆటగాడి పేరు మీద వచ్చింది. కాపాడుకునేవారు తమ వైపు నుంచి మూడో వరసలో ఏనుగును నిలిపి ఎదుటి రాజును రానివ్వకుండా ఆపాలి. ఆ వరసలోకి బంటు అడుగుపెట్టిన మరుక్షణం ఏనుగును దూరంగా అవతలి అంచుకు తీసుకెళ్లి వెనక నుంచి షాలు ఇస్తూ పోవాలి. బంటు ముందుకు వచ్చేసింది కనుక ఎదుటి రాజుకు ఆ షాల నుంచి తలదాచుకునే చోటు ఉండదు. ఇది తెలిసినవారు ఐదు నిమిషాల్లో డ్రా చేస్తారు. మీ అబ్బాయి ఏనుగును చివరి వరసలో రాజు పక్కన దాచి పెట్టాడు. మూడేళ్లలో వేల ఆటలు ఆడిన పిల్లవాడికి ఇది తెలియలేదంటే, ఆ ఆటలు ఇంత దూరం రాకుండానే గడియారం మీద ముగిసిపోవడమే కారణం.

ఇంకో కర్నూలు ఓటమి ముట్టిన పావు నియమం వల్ల వచ్చిందని మీరే రాశారు. తెర మీద పావును పట్టి లాగి, మనసు మార్చుకుని వదిలేయవచ్చు. బల్ల మీద ముట్టిన పావును నడపాల్సిందే. ఇది చేతి అలవాటు. రెండు మూడు పోటీలు ఆడితే పోతుంది, దాని గురించి బెంగ పెట్టుకోవద్దు.

రికార్డులో నేను చూసిన మరో విషయం మీకు మాత్రమే కాక అతనికి కూడా చెప్పాలి. అతని ఓటములు విడివిడిగా లేవు, గుంపులుగా ఉన్నాయి. రాత్రి పదకొండు తరవాత ఓడిన వెంటనే, అర నిమిషం కూడా ఆగకుండా, మరో ఆట మొదలుపెట్టిన సందర్భాలే అవన్నీ. ఒక రాత్రి వరసగా తొమ్మిది ఆటలు ఓడాడు. ఆ తొమ్మిదింటిలో కనిపించే ఆటగాడు, పగటి పూట గుర్రంతో మంత్రిని తిరిగి తెచ్చుకున్న ఆటగాడు ఒకరే అంటే నమ్మడం కష్టం. ఆటగాళ్లు దీన్ని టిల్ట్ అంటారు. వరసగా రెండు ఓడితే ఆ రోజుకు ఫోన్ పక్కన పెట్టాలనే నియమం అతనే తనకు పెట్టుకోవాలి. మీరు లాక్కుంటే పనిచేయదు.

మూడు నిమిషాల ఆట మానేయమని నేను అనను. వారంలో నాలుగు రోజులు, రోజుకు ఒకే ఒక్క ఆట, పదిహేను నిమిషాలకు పది సెకన్ల అదనంతో ఆడమనండి. ఆడిన తరవాత ఆటను విశ్లేషించే కంప్యూటరు ఇంజిను తెరవకముందే ఎక్కడ ఆట చేజారిందో నోటు పుస్తకంలో రాయమనండి. ఏనుగుల ముగింపు ఆటలు ఒక నెల నేర్చుకుంటే చాలు. ఈసారి పోటీకి వెళ్లినప్పుడు ఫలితం నాకు తప్పక రాయండి.

ప్రశ్న: ఆన్‌లైన్ మెరుపు ఆటలో హికారు నకమురాను మించినవారు లేరని మా విద్యార్థులు అంటున్నారు. ఎదురెదురుగా కూర్చుని ఆడే ఆటలో ఆయన ప్రపంచ చాంపియన్ కాలేదు. ఒకసారి 46 ఆటల్లో 45.5 పాయింట్లు తెచ్చుకున్నారని, దాని మీద పెద్ద వివాదం నడిచిందని విన్నాను. అది సాధ్యమేనా? ఆయన ఆట తీరులో ప్రత్యేకత ఏమిటి?
– గణిత అధ్యాపకుడు, ఆదోని

జవాబు: నకమురా 1987లో జపానులో పుట్టి అమెరికాలో పెరిగారు. 2003లో, పదిహేనేళ్ల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. అమెరికా చాంపియన్‌షిప్‌ను ఐదుసార్లు గెలిచారు. 2015 అక్టోబరులో ఆయన ఫిడే రేటింగు 2816కు చేరింది. కనుక తెర మీద మాత్రమే ఆడగలిగే మనిషిగా ఆయనను చూడటం సరి కాదు. ఆన్‌లైన్‌లో ఆయన రికార్డుకు శిఖరం చెస్ డాట్ కామ్ నిర్వహించే స్పీడ్ చెస్ చాంపియన్‌షిప్. 2018 నుంచి 2022 వరకు వరసగా ఐదేళ్లు దాన్ని ఆయనే గెలిచారు. 2023 ఫైనల్‌లో మాగ్నస్ కార్ల్‌సన్ చేతిలో 13.5–12.5తో ఓడారు.

ఆ పోటీ పద్ధతి తెలిస్తే ఆయన తీరు సగం అర్థమవుతుంది. ఆ ఏళ్లలో అక్కడ ఆటల సంఖ్య ముందుగా నిర్ణయించేవారు కాదు. ఐదు నిమిషాల ఆటలు గంటన్నర సేపు, మూడు నిమిషాల ఆటలు గంట సేపు, ఒక నిమిషం ఆటలు అర గంట సేపు ఆడతారు; మూడింటిలోనూ ఎత్తుకు ఒక్క సెకను కలుస్తుంది. మూడు గంటల పాటు మనసు చెదరకుండా ఒక ఆట మరిచి మరో ఆటలోకి వెళ్లగలగడం ఇక్కడ అసలు పరీక్ష. నకమురా గొప్పతనం అక్కడే ఉందని నా అభిప్రాయం. చెడిపోయిన స్థితిలో కూడా ఆయన కంగారు పడరు. అన్నిటికంటే మంచి ఎత్తు కోసం వెతుకుతూ కూర్చోకుండా, ఎదుటివారికి జవాబు వెతకడం కష్టమయ్యే ఎత్తును రెండు సెకన్లలో వేస్తారు. మొదటి ఎత్తుగా బి3 వేసి, అందరూ చదివి పెట్టుకున్న దారులను తప్పించి, ఎదుటివారిని మొదటి నిమిషం నుంచే సొంతంగా ఆలోచింపజేయడం ఆయనకు ఇష్టం. సమానంగా ఉన్న ముగింపు ఆటలను డ్రా అని వదిలేయకుండా నలభై ఎత్తులైనా నడిపిస్తారు. ఇటువంటి ఆటను తక్కువగా చూసేవారితో నేను ఏకీభవించను. అలాగని ఎదురెదురు ఆటలో ఇదంతా ఇలాగే చెల్లుతుందనీ అనలేను: 2019 చివర్లో మాస్కోలో జరిగిన ప్రపంచ బ్లిట్జ్ పోటీలో ఆయన కార్ల్‌సన్‌తో సమానంగా నిలిచి, టైబ్రేక్‌లో ఓడారు.

ఇక 46 ఆటల లెక్క. 2023 నవంబరులో మాజీ ప్రపంచ చాంపియన్ వ్లదీమిర్ క్రామ్నిక్ ఆ వరస మీద సందేహం వెలిబుచ్చారు. చెస్ డాట్ కామ్ ఆ ఆటలను పరిశీలించి, మోసం జరిగిందన్న ఆరోపణకు ఆధారం లేదని ప్రకటించింది. మీరు గణితం చెప్పేవారు కనుక తరగతిలో మీరే చేసి చూపించవచ్చు. ఒక్కో ఆట గెలిచే అవకాశం నూటికి 90 అనుకుంటే, 46 ఆటలూ వరసగా గెలిచే అవకాశం నూటికి ఒకటి కంటే తక్కువ. అదే నూటికి 95 అయితే ఆ అవకాశం దాదాపు 9. నూటికి 98 అయితే దాదాపు 40. అంటే ఎదుటివారు ఎంత బలహీనులైతే ఆ వరస అంత మామూలు సంగతి అవుతుంది. దీనికి తోడు నకమురా ఆన్‌లైన్‌లో ఆడినవి పదుల వేల ఆటలు. అన్ని ఆటలు ఆడిన మనిషికి అలాంటి వరస మొదలయ్యే చోట్లు కూడా పదుల వేలు ఉంటాయి. అన్నిట్లోకీ మెరిసిన ఒక్క ముక్కను కత్తిరించి చూపి ఇది ఎలా సాధ్యమని అడిగితే ఎవరికైనా ఆశ్చర్యమే కలుగుతుంది. ఒక ఆటగాడి మీద ఇంత పెద్ద సందేహం వేసే ముందు ఈ లెక్క చేసి చూడటం కనీస ధర్మమని నేను గట్టిగా నమ్ముతాను. ఇటువంటి మాటలు మనుషులను ఎంత కుంగదీస్తాయో చదరంగం లోకం చూసింది.

ప్రశ్న: మా ఊళ్లో సాయంత్రం వేళ కరెంటు పోయి, నెట్ ఆగిపోయి గెలిచే ఆటలు ఓడిపోతున్నాను. ఈ ఓటములు నా రికార్డులోంచి తీసేయమని అడగవచ్చా?
– డిగ్రీ విద్యార్థిని, ధర్మవరం

జవాబు: అడిగినా తీసేయరమ్మా. కనెక్షన్ తెగినా గడియారం నడుస్తూనే ఉంటుంది, అది ఇద్దరికీ ఒకటే నియమం. అంతకంటే పెద్ద వేదిక మీద కూడా ఈ కష్టం వచ్చింది: 2020 ఆగస్టు 30న ఆన్‌లైన్ ఒలింపియాడ్ ఫైనల్‌లో రష్యాతో ఆడుతుండగా మన జట్టులోని నిహాల్ సరిన్, దివ్య దేశ్‌ముఖ్‌ల కనెక్షన్ పోయి వారు సమయం మీద ఓడారు. ఆ అంతరాయం ఎన్నో దేశాలను తాకిందని తేలాక ఫిడే రెండు జట్లనూ కలిపి విజేతలుగా ప్రకటించింది. ఆ ముందు సెమీ ఫైనల్‌లో పోలండ్ మీద భారత్‌ను గెలిపించింది మన కోనేరు హంపి. విజేతను తేల్చేందుకు ఆడే చివరి ఆర్మగెడ్డాన్ ఆటలో ఆమె మోనికా సోచ్కోను ఓడించింది. మీకు మాత్రం అటువంటి తీర్పు దొరకదు కనుక, ల్యాప్‌టాప్ నిండుగా ఛార్జి చేసి, పక్కనే ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా పెట్టుకుని, కరెంటు పోయే వేళలో అదనపు సెకన్లున్న ఆటలే ఆడండి. తెగిన కనెక్షన్ అర నిమిషంలో తిరిగి వస్తే పది నిమిషాల ఆటలో పెద్ద నష్టం ఉండదు; మూడు నిమిషాల ఆటలో ఆట పోయినట్లే.

ప్రశ్న: నాకు రాజు, ఏనుగు ఉన్నాయి. ఎదుటివారికి రాజు, గుర్రం. నా సమయం అయిపోయింది. చెస్ డాట్ కామ్‌లో డ్రా ఇచ్చారు, లీచెస్‌లో ఇలాంటి ఆటే ఓడినట్లు చూపించారు. ఏది సరైనది?
– ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: రెండూ తమ తమ నియమాల ప్రకారం సరైనవే. ఫిడే నియమం ప్రకారం, ఎదుటివారు ఎంత తెలివితక్కువగా ఆడినా సరే, ఆటకట్టు వచ్చే వీలు బల్ల మీద ఒక్కటైనా ఉంటే సమయం అయిపోయినవారు ఓడినట్లే. లీచెస్ దీన్నే పాటిస్తుంది. గుర్రం ఒక్కటే ఆటకట్టు ఎలా ఇస్తుందని అనుమానం వస్తుంది; మీ రాజును హెచ్8లో, మీ ఏనుగును జి8లో, ఎదుటి రాజును హెచ్6లో, గుర్రాన్ని ఎఫ్7లో పెట్టి చూడండి. మీ రాజు పారిపోయే రెండు గళ్లను ఎదుటి రాజు కాస్తున్నాడు, మూడో గడిని మీ ఏనుగే మూసేసింది, గుర్రాన్ని కొట్టే దారి లేదు. మీకు ఏనుగు బదులు మంత్రి ఉంటే అదే జి8 నుంచి ఏటవాలుగా వచ్చి గుర్రాన్ని కొట్టేసేది. ఏ విధంగా పేర్చినా ఆటకట్టు రాదు కనుక అప్పుడు ఫిడే నియమం కింద కూడా డ్రాయే. చెస్ డాట్ కామ్ మాత్రం, ఒంటరి గుర్రంతో గానీ ఒంటరి శకటుతో గానీ ఎదుటివారి సాయం లేకుండా ఆటకట్టు ఇవ్వలేరు కనుక, అటువంటి చోట నేరుగా డ్రా ఇస్తుంది. కర్నూలు, అనంతపురం, కడపల్లో ఫిడే నియమాల మీద జరిగే పోటీకి వెళ్తే మాత్రం లీచెస్ చెప్పినదే అక్కడి ఆర్బిటర్ (పోటీ నిర్ణేత) కూడా చెబుతారు.